పదో హర్డిల్ నుంచి తోటగుడ దాకా

నాకు ఈ ప్రపంచంతో ఉన్న ప్రధానమైన పేచీ ఏమిటంటే, ఇందులో మనకు కావాల్సిన వస్తువులన్నీ నేలమీదే ఉంటాయి. గ్యాసు సిలిండరు నేలమీద. మంచినీళ్ల టిన్ను నేలమీద. మా ఇంట్లో ఫోను ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు నేలకు జానెడు ఎత్తున, ఎలుకల సౌకర్యం కోసం అమర్చినట్టు ఉంటుంది. నాలుగేళ్ల కిందట నా నడుములో ఒక డిస్కు తన చోటు వదిలి పక్కకు జరిగింది. డాక్టరుగారు "ఇక మీరు వంగకూడదు" అన్నారు. అంటూనే పెన్ను జారవిడిచారు. నేనే వంగి తీసిచ్చాను.

ఆ తర్వాత నా కుడికాలికి చెయ్యి చేసే పనులు ఒక్కొక్కటే నేర్పాను. చెప్పులు సర్దడం, తలుపు ముయ్యడం, కింద పడ్డ పేపరు జరపడం. వేళ్ల మధ్య పట్టి రుమాలు కూడా ఎత్తగలను. "మీకు చేతులు జీతం తీసుకోవడానికే పనికొస్తున్నాయి" అంటుంది మా ఆవిడ. పూర్తిగా నిజం కాదు. సంతకాలు కూడా పెడతాను.

శృంగవరపుకోట

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టరుని. పీడీ అంటారు. మిగతా లెక్చరర్ల దృష్టిలో నేను ఈల ఊదినందుకు జీతం తీసుకునేవాణ్ణి. నవంబరు చివర్లో మూడు రోజులు సెలవు పెట్టి అరకు బయల్దేరాను. వలిసె పూలు చూడ్డానికేనని స్టాఫ్‌రూములో అందరూ అనుకున్నారు. నేనూ అవునన్నాను.

నా సంచిలో రెండు జతల బట్టలు, నడుముకి కట్టుకునే బెల్టు, ఒక కవరు ఉన్నాయి. కవరులో నేను సంతకం పెట్టిన ఒక పేజీ కాగితం. దాన్ని పాంగి దాసు అనే కుర్రాడి చేతిలో పెట్టడమే నా ప్రయాణం. మిగతావన్నీ దారిలో కనిపించినవి. ఇది మీరు చదివే వేళకి ఆ కాగితం చేరాల్సిన చోటికి చేరే ఉంటుంది. కనక మీరు కంగారు పడనక్కర్లేదు. నేనూ పడలేదు. అదే గొడవ.

శృంగవరపుకోటలో బస్సు పావుగంట ఆగింది. నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ ఎంత అడిగితే అంత. పక్క సీటాయన అరకు పైన ఏదో ఊళ్లో పంతులు. ఎందుకెళ్తున్నారని అడిగాడు. చూడ్డానికన్నాను.

"చూడ్డానికేటుందండీ అక్కడ? పదకొండేళ్లుగా అక్కడే పనిచేస్తన్నాను, నాకేటీ కనపళ్లేదు" అన్నాడు.

ఆ మాటతో కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయాడు. ఘాటు రోడ్డు, లోయ, మబ్బులు అన్నీ ఆయన పక్కనుంచే వెళ్లాయి.

అనంతగిరి ఘాటు

ఘాటు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోతాయి. బయటి మాటలు తగ్గి లోపలి మాటలు వినిపించడం మొదలవుతుంది. కనక అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

ఏడాది కిందట మన దేశంలోనే ఒక అంతర్జాతీయ అథ్లెటిక్స్ మీట్ జరిగింది. ఏ ఊరన్నది వద్దు, ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు. హర్డిల్స్ అమర్చే బృందంలో నేనొకణ్ణి. మేం టీవీలో కనిపించం. కనిపించామంటే ఏదో పొరపాటు జరిగిందన్నమాట.

పురుషుల నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ఒక్కొక్కరికి ఒక లేను, అంటే గీతల మధ్య దారి, అందులో పది హర్డిల్స్. చివరిదైన పదో వరస నాకు అప్పగించారు. హర్డిలంటే చూసేవాళ్లకి రెండు నిలువు కడ్డీలు, పైన అడ్డంగా ఒక పలక. పరిగెత్తేవాడికి ముఖ్యమైంది మాత్రం కింద, దాని పాదాల్లో ఉంటుంది. అక్కడ ఇటూ అటూ జరిపే బరువులుంటాయి. అవి కడ్డీకి దగ్గరగా ఉంటే, కాలు తగలగానే హర్డిల్ మర్యాదగా పడిపోతుంది. దూరంగా ఉంటే మొండికేస్తుంది. ఆ పొద్దున నూట పది మీటర్ల పోటీ అయింది. దానికి హర్డిల్ ఎత్తు ఎక్కువ, బరువులు చివరి దాకా ఉండాలి. సాయంత్రం నాలుగు వందల పోటీకి పలక దించి, బరువులు కడ్డీ దగ్గరికి జరపాలి. పలక దించడం నిలబడి చేసే పని. బరువులు జరపడం నేలమీది పని.

ఐదో లేను దగ్గరికి వచ్చేసరికి నేనొక జోకు మధ్యలో ఉన్నాను. ఒక ప్రిన్సిపాలు, ఒక జావెలిన్. ఆ జోకు ఇక్కడ రాయను. బాగుంటుంది, అదే దాని దోషం. ఐదో లేను పలక దించాను, జోకులో చివరి మాట అన్నాను, పక్కనున్న ఇద్దరు పీడీలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు చూసుకుని మురిసిపోతూ ఆరో లేనుకి వెళ్లిపోయాను.

ఐదో లేనులో దాసు. అరకు కొండల కుర్రాడు, పాతికేళ్లు. అంతర్ కళాశాలల పోటీల్లో వాడి మొదటి పరుగుకి తుపాకీ పేల్చింది నేనే. తొమ్మిదో హర్డిల్ దాటేసరికి వాడు మూడోవాడు. పదోదాని మీంచి ఎగిరినప్పుడు ఎడమ మడమ పలకకి తగిలింది. ఎంత గొప్పవాళ్లకైనా తగులుతూనే ఉంటుంది, హర్డిల్ పడిపోతుంది, వాళ్లు వెళ్లిపోతారు. ఇది పడలేదు. కాస్త వంగి, మనసు మార్చుకున్నట్టు వెనక్కి వచ్చింది. దాసు రెండు చేతులూ ట్రాకుమీద ఆనించి పడ్డాడు. మణికట్టు విరిగింది. లేచి, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, నడిచి గీత దాటాడు.

నేను పరిగెత్తుకెళ్లి వంకర తిరిగిన హర్డిల్‌ని సరిచేశాను. అప్పుడు చూశాను, బరువులు చివర్నే ఉన్నాయి. చెయ్యెత్తితే చాలు, రిఫరీ వచ్చేవాడు. పోటీ మళ్లీ పెట్టేవాళ్లో, ఏం చేసేవాళ్లో, ఏదో ఒకటి జరిగేది. నేను చెయ్యెత్తలేదు. కాలు కదిపాను. బూటు మొనతో ఒకటి, ఆ తర్వాత రెండోది. టక్, టక్.

రిఫరీ వచ్చి హర్డిల్‌ని చేత్తో నెట్టి చూశాడు. అది ఎంతో వినయంగా పడిపోయింది.

"అది పళ్లేదు సార్, కాలు తగిలినా పళ్లేదు" అన్నాడు దాసు. వాడి కోచ్ అభ్యంతరం రాసిచ్చాడు. కొట్టేశారు. భోజనాల దగ్గర ఎవరో "హర్డిల్ పళ్లేదట, వీడు పడ్డాట్ట" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే ముందు నేను నవ్వాను. ఆ నవ్వు తప్ప మిగతాదంతా కవరులోని కాగితంలో రాశాను.

సుంకరమెట్ట

ఇక్కడ దిగి కాఫీ తాగాను. రోడ్డు పక్క పాకలో గ్లాసు ముప్పై రూపాయలు. మా ఊళ్లో పదిహేనుకి ఇస్తారు, కానీ దాన్ని కాఫీ అని నమ్మడానికి మన వైపునుంచి కొంత సహకారం కావాలి. ఇక్కడ అక్కర్లేదు. సిల్వర్ ఓక్ చెట్లు నిట్టనిలువుగా, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. కాయలు ఎర్రబడ్డాయి, కోతల కాలం.

ఆ పక్కనే వలిసె చేను. లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. చేలో నిలబడి ఫోటో తీసుకోవాలంటే మనిషికి ఇరవై రూపాయలు. గట్టుమీద గొడుగు కింద ఒక ముసలాయన కూర్చుని వసూలు చేస్తున్నాడు. నేను దిగనని, గట్టుమీంచే చూస్తానని చెప్పాను.

"సూసుకో. సూసినందుకు ఏటీ నేదు" అన్నాడు. నా మొహంలోకి చూసి, "ఇంటి కాడ ఎవులైనా పోనారేటి బాబూ?" అన్నాడు.

లేదన్నాను. పూలు చూసేటప్పుడు మొహం ఎలా పెట్టాలో కొంచెం శ్రద్ధ పెట్టాలని అప్పుడు అర్థమైంది.

అరకు సంత

మర్నాడు శుక్రవారం, సంత. ముందురోజు సాయంత్రం బొంగు చికెన్ తిన్నాను. వెదురు గొట్టంలో కోడి ముక్కలు కుక్కి నిప్పులమీద కాలుస్తారు. మూడు వందల రూపాయలు. గొట్టం మనకివ్వరు.

సంతలో పసుపు, చింతపండు, కొండ చీపుళ్లు, అడ్డాకుల కట్టలు, పిప్పళ్లు. అన్నీ నేలమీదే. నడవడానికి దారి లేక, అడ్డంగా ఉన్న ఒక బుట్టని అలవాటు కొద్దీ కుడికాలితో పక్కకి జరిపాను. అందులో సామలున్నాయి. దాని వెనక ఒక పెద్దావిడ ఉంది.

"ఏటి బాబూ, తిండిగింజల్ని కాలితో తోత్తన్నావు? సదువుకున్నోడివేనా?" అంది.

చుట్టూ ఉన్న పదిమందీ నా చదువు ఎంత వరకూ వచ్చిందో చూడ్డానికి తిరిగారు. నడుము నొప్పి అన్నాను.

"నడుం నొప్పయితే నోరుంది కదా. తియ్యమ్మా అంటే తియ్యనా?"

బుట్టకి దణ్ణం పెట్టి, అవసరం లేకపోయినా రెండు కిలోల సామలు కొన్నాను.

దాసు ఊరు తోటగుడకి బస్సు లేదు. సంత జీపు పట్టుకోవాలి, అది మనుషులతో నిండాకే కదులుతుంది. జీపు నడిపేవాడు బాలరాజు, ఆ కొండలవాడే, ముప్పై ఏళ్లుంటాయి. "బేగెల్లిపోదాం సార్" అని మూడు గంటలు కూర్చోబెట్టాడు. సంత చివర ఒక చింతచెట్టు కింద పాతికమంది గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో కట్టేసిన మేక, పక్కన పెద్ద డేగిసా. ఏం వేడుకని అడిగాను.

"యేడుక కాదు సార్. తప్పు" అన్నాడు బాలరాజు.

"ఎవరిది?"

"అదుగో, ఎర్ర తువ్వాలోడు. పక్కోడి ఎద్దుని అడివిలోకి తోలీసి, కట్టీసి, నాకు తెల్దన్నాడు. అది సచ్చిపోనాది. ఏడాది పోయాక ఇప్పుడొప్పుకున్నాడు. మేకని తెచ్చినాడు."

"పోలీసు కేసు పెట్టలేదా?"

"మేకుండగా పోలీసెందుకు సార్?"

తప్పు చేసినవాడు మేకనో కోడినో తేవాలి. కొయ్యబోయే ముందు పెద్దలు అడుగుతారు, ఇది దేనికి తెచ్చావని. వాడు అందరి ముందూ నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆ మాంసం ఎవరూ ముట్టుకోరు. చెప్పాక అందరూ కలిసి తింటారు, ఎద్దు పోగొట్టుకున్నవాడు కూడా.

"తినీసినాక ఆ మాట మరెవుడూ ఎత్తకూడదు. ఎత్తినోడు మళ్లా మేక తేవాల" అన్నాడు బాలరాజు.

మా కాలేజీలో టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటి మాయమైతే విచారణ కమిటీ వేశారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరు సభ్యులు రిటైరయ్యారు. టీ, బిస్కెట్లు తప్ప ఎవరూ ఏమీ తినలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

"చిన్న తప్పయితే?" అన్నాను, ఊరికే తెలుసుకోవడానికన్నట్టు.

"కోడి సాలు."

"ఏది చిన్నదో ఏది పెద్దదో ఎవరు తేలుస్తారు?"

బాలరాజు నన్ను వింతగా చూశాడు. "సేసినోడికి తెల్దా సార్?"

లేచి వెళ్లి ఒక నాటు పుంజుని కొన్నాను. అమ్మే ఆవిడ ఏడు వందలు చెప్పింది, ఆరు వందల యాభైకిచ్చింది. ఎందుకు కొంటున్నానని నన్ను నేను అడిగాను. కూరకి అని చెప్పుకున్నాను. మేక ఎందుకు కొనలేదని మాత్రం అడగలేదు.

జీపులో

పదిమంది పట్టే జీపులో ఇరవై రెండు మంది, రెండు గుమ్మడికాయలు, ఒక టీవీ, నా పుంజు. నా ఒళ్లో సంచి, సంచిమీద పుంజు. మొదటి మలుపులోనే అది సంచిమీద తన పని కానిచ్చింది. సరిగ్గా కవరున్న అరమీద. పక్కనున్నావిడ జాలిపడి ఒక అడ్డాకు ఇచ్చింది, తుడుచుకోమని.

"ఎవులింటికి?" అంది.

"పాంగి దాసు వాళ్లింటికి."

"పరుగులోడా! మంచి గుంటడు. అంత దూరమెల్లి ఆకర్లో పడిపోనాడు." నాలిక చప్పరించింది. "కాలు బలం సాల్లేదంట."

వెనకనుంచి ఎవరో "కర్రకి తన్నుకున్నాడంట" అన్నారు. ఇంకెవరో నవ్వారు. ఆ రోజు భోజనాల దగ్గర నేను నవ్విన జోకు నాకంటే ముందే ఈ కొండెక్కి కూర్చుంది.

తోటగుడ

వస్తున్నానని ముందే ఫోను చేశాను కనక దాసు రోడ్డు మీదకి ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. "అరకు చూడ్డానికొస్తూ మా ఇంటిదాకా వచ్చారు, మా ఊరికి ఎవరొస్తారు సార్" అంటూ సంచి అందుకున్నాడు. పుంజుని చూసి నవ్వాడు.

ముప్పై ఇళ్లుంటాయి ఊళ్లో. వాకిలి ముందు అరుగుమీద వాళ్లమ్మ బుద్రి కాఫీ కాయలు ఆరబోసి చెక్కతో తిరగేస్తోంది. చిన్న మనిషి, ముక్కుకి మూడు రింగులు. వాళ్లింట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడుకుంటారు. తెలుగు వచ్చినంత వచ్చు. ఆ తెలుగులో మీరు అనే మాట లేదు. కలెక్టరొచ్చినా నువ్వే, దేవుడొచ్చినా నువ్వే. నా పదవికి మా ఊళ్లో ఎంత మర్యాద ఉందో తెలుసు కనక నాకు పెద్దగా నష్టం అనిపించలేదు.

పుంజుని ఆవిడకిచ్చాను. తీసుకోలేదు.

"కోడి దేనికి?" అంది.

ఇంత సూటిగా నన్నెవరూ ఏదీ అడగలేదు. దాసు పక్కనే ఉన్నాడు. కవరు సంచిలో ఉంది. నోరు నా దగ్గరే ఉంది.

"ఊరికే. మీ కోసం" అన్నాను.

ఆవిడ దాసుతో వాళ్ల భాషలో ఏదో అంది. పుంజుని తీసుకెళ్లి పెరటి గుంజకి కట్టేసింది.

"కొయ్యరా?" అన్నాను.

"అమ్మ తర్వాత చూద్దాం అంటోంది సార్."

వాళ్ల వాకిలి పక్కనే కోత కోసేసిన మెట్ట ఉంది. అక్కడ వెదురుతో చేసిన నాలుగు హర్డిల్స్ వరసగా పెట్టి ఉన్నాయి. పాదాల్లో బరువులకి బదులు రాళ్లు. వెదురు బద్దల మధ్య జరిపేలా భలేగా అమర్చాడు.

"ఇవి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది సార్. మొదటి ఆరూ నాకెప్పుడూ ఇబ్బంది లేదు" అన్నాడు.

పరిగెత్తి చూపించాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, నీళ్లమీద నీడ వెళ్లినట్టు వెళ్లాడు. తొమ్మిది దాటాక ఏదో అయింది. అడుగులు కుదించుకున్నాడు, తడబడ్డాడు, పదోదాన్ని కుడికాలు ముందుకేసి దాటాడు. నాకు లెక్క తెలుసు. రెండు హర్డిల్స్ మధ్య వాడికి పదిహేను అడుగులు. ప్రతిసారీ ఎడమకాలే ముందు లేస్తుంది. పదోదానికి కుడికాలు లేవాలంటే ఒక అడుగు పెంచాలి. పదహారు వెయ్యాలి. ఆ ఒక్క అడుగులో నలుగురు దాటి వెళ్లిపోతారు.

"కుడికాలెందుకు?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఎడమది మోసం చేసింది కదా సార్. ఏడాది నుంచి కుడికాలు నేర్పుతున్నాను. వచ్చే నెల ట్రయల్స్. ఈసారి ఎంపిక కాకపోతే క్యాంపులోకి మరి రానివ్వరు. మీరు చూసి చెప్పండి, ఎప్పటికి అలవాటవుతుంది?"

"ఎడమకాలితోనే వెయ్యి" అన్నాను.

"భయం సార్. హర్డిల్ తప్పనుకున్నాను అప్పుడు. వాళ్లు నా కళ్లముందే నెట్టి చూపించారు, పడిపోయింది. హర్డిల్ బాగుంటే ఇంక కాలే కదా."

లేని రోగానికి ఏడాదిగా మందు మింగుతున్నాడు. రోగం లేదని తెలిసిన మనిషి ప్రపంచంలో ఒకడే, వాడి ఎదురుగా వెదురు హర్డిల్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చెప్తే మళ్లీ పదిహేను అడుగులకి వెళ్లిపోతాడు. ఇంకా నెల ఉంది.

"కుడికాలు లేచినప్పుడు ఎడమ చెయ్యి ఇంకొంచెం ముందుకి చాపు" అన్నాను.

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంతకంటే పనికిమాలిన సలహా ఇవ్వలేదు. పోటీ గట్టిదే అయినా.

పొద్దుగూకగానే భోజనం. సామల అన్నం, రాజ్మా కూర, పచ్చిమిరప కారం. రాజ్మా ఈ కొండల్లోనే పండుతుందట. అది పంజాబీ హోటళ్లలో పుడుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. తినడం అయ్యాక బుద్రి గోడకి ఆనుకుని దాసు ఫోను చూస్తోంది. చిన్న వెలుగు, అందులోంచి జనం అరుపులు. ఆ అరుపులు నాకు తెలుసు.

"ఆ రోజుది సార్" అన్నాడు దాసు. "కోచ్ స్నేహితుడు గ్యాలరీలోంచి తీశాడు. నేను చూడను. అమ్మ రోజూ చూస్తుంది. పరుగు చూడదు, పడ్డాక జరిగింది చూస్తుంది. లేస్తానో లేదో అని. లేచాను కదమ్మా, ఇదిగో ఎదురుగానే ఉన్నాను కదా అన్నా సరే."

"అందులో ఆఫీసర్లు కనిపిస్తారా?" అన్నాను.

"దూరం కదా సార్. మొహాలు తెలీవు. టోపీలు కనిపిస్తాయి."

నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంకో గరిటె రాజ్మా వేసుకున్నాను. ఆ గరిటె సంగతి నేను మరిచిపోలేకపోతున్నాను.

చాప పరిచాడు. ఇక చెప్పాలి. సంచి అర జిప్పు తీశాను. "దాసూ, ఆ రోజు..." అన్నాను.

"చెప్పండి సార్."

"ఆ రోజు ఇంత చలి లేదు. ఇంకో దుప్పటి ఉందా?"

తన దుప్పటి తీసిచ్చాడు.

మర్నాడు పొద్దున

తెల్లారకముందే పుంజు మొదలెట్టింది. పెరట్లో గుంజకి కట్టేసిన చోటే ఉంది. ఎవరూ దాన్ని కొయ్యలేదు, ముట్టుకోలేదు. సరిగ్గా నా తల వైపు తిరిగి, అరనిమిషానికోసారి అడుగుతోంది. ఆ అడిగే పద్ధతి చూస్తే విచారణ కమిటీలో వేసుకోదగ్గ పుంజు.

మంచు విడిచింది. కింద మలుపులో బాలరాజు జీపు హారను వినిపించింది. ఇంకో అరగంటలో పైకొస్తుంది. బుద్రి ఒక గుడ్డసంచిలో రెండు కిలోల రాజ్మా పోసి నా చేతికిచ్చింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను తెచ్చింది మాత్రం వాళ్లు తినలేదు.

కవరు సంచిలోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. జీపొచ్చాక ఇద్దామనుకున్నాను. ఇచ్చి వెంటనే ఎక్కేస్తే, చదివేటప్పుడు వాడి మొహం చూడక్కర్లేదు. మూడు రోజుల్లో నేను వేసుకున్న ప్లాన్లలో ఇది పదకొండోది. అన్నిట్లోనూ నేను జీపెక్కడం ఉంది.

"సార్, ఒక్కసారి చూసి వెళ్లండి, చెయ్యి చాపుతున్నానో లేదో" అంటూ దాసు మెట్టమీదికి పరిగెత్తాడు. నా సలహా రాత్రంతా సాధన చేసినట్టున్నాడు. వెళ్లి పదో హర్డిల్ పక్కన నిలబడ్డాను. నా చోటు అదే కదా. బుద్రి అక్కడికి నాలుగడుగుల దూరంలోని అరుగుమీద, రాత్రి మంచుకి కప్పిన కాఫీ కాయలమీది పట్టా తీస్తోంది.

దాసు అవతలి చివరికి చేరి, నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు.

"సార్! పదోదాని రాయి చివరికి జరిగిపోయినట్టుంది! కొంచెం కడ్డీ వైపు జరపండి!"

చూశాను. నిజమే, రాయి చివర్న ఉంది. నేలమీద. అలా ఉంటే కాలు తగిలినా పడదు. నడుముకి బెల్టు బిగించి ఉంది, జేబులో కవరు గుచ్చుకుంటోంది. ఏమీ ఆలోచించకుండా కుడికాలు చాపి, బూటు మొనతో రాయిని కడ్డీ వైపు నెట్టాను.

టక్.

పట్టా చప్పుడు ఆగిపోయింది. బుద్రి ముందు నా బూటు చూసింది. తర్వాత నా మొహం చూసింది. అవతల దాసు పరుగు మొదలెట్టాడు.

"ఫోన్లో కూడా ఇలాగే" అంది. "కాలితోనే జరిపినావు నువ్వు."